పచ్చి బొమ్మలకు వంటవాడు కావలెను

సోమవారం. గాలి లేదు, ఊరు కదల్లేదు.

మా వంటవాడు ఈ పొద్దున పోయాడు. నాకు ఏడుపేమీ రాలేదు, వాడు మనిషైతే కదా! కెమెరా తీసిన పచ్చి బొమ్మల్ని చూడదగ్గ ఫోటోలుగా మార్చి, ఎవరివి వాళ్ళ అరల్లో సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్‌ని మా తేలుపురంలో వంటవాడనే పిలుస్తారు. వాడిని తయారుచేసిన కంపెనీ మూతపడిందట. “ఇన్నాళ్ళూ ఆదరించినందుకు కృతజ్ఞతలు” అని తెరమీద ఒక ముక్క చూపించి ఆరిపోయాడు. చెప్పాపెట్టకుండా పని మానేయడం మాత్రం అచ్చం మనుషుల దగ్గరే నేర్చుకున్నాడు.

తేలుపురం అంటే తేళ్ళుండే ఊరు కాదు, నీళ్ళమీద తేలే ఊరు. ఇది రాయడం నాకు విసుగే. కానీ ఈ దినచర్యని తీరంలోని ఆఫీసులో ఎవరో చదువుతారట, చదివిన ప్రతివాళ్ళూ అదే అడుగుతారు. కొత్త వంటవాడు కుదిరేదాకా భాండాగారం అధికారి రోజూ తన అభిప్రాయం రాసి పంపాలని నిబంధన. ఆ అధికారిని నేనే. కాగితాలమీద చిత్రభాండాగారాధికారిణి కొప్పిశెట్టి మాణిక్యాంబ, ఊళ్ళో బొమ్మల మాణిక్యం.

వంటవాడు లేకపోతే కొంపలేం మునుగుతాయని తీరంవాళ్ళు అనుకోవచ్చు. మావి ఎప్పుడో మునిగాయి కాబట్టే ఇలా తేలుతున్నాం. ఇక్కడ డాక్టరు లేడు, తీరంలో కూర్చుని ఫోటోలు చూసి మందు చెబుతాడు. ఆయన యంత్రం ఊరి వంటవాడు వండి ముద్ర వేసిన ఫోటోనే తీసుకుంటుంది, పచ్చి బొమ్మని ముట్టుకోదు. పచ్చి బొమ్మంటే వెలుతురు తప్ప ఏమీ కలపని బొమ్మ. చప్పగా, మసకగా ఉంటుంది. నాకు మాత్రం అదంటేనే ఇష్టం, ఎందుకంటే ఇంకా ఎవరూ అందులో చెయ్యి పెట్టలేదు.

మంచి కబురొకటి రాయాలి. నా తమ్ముడి కూతురు ఉత్పలకి మగపిల్లాడు పుట్టాడు. తల్లీ తండ్రీ పోయిన పిల్ల, నా చేతులమీద పెరిగింది. దాని మొగుడు పడవమీద సరుకు కోసం వెళ్ళి, తుఫాను హెచ్చరిక వల్ల తీరంలోనే ఆగిపోయాడు. పడవలన్నీ బంద్. పిల్లాడు పుట్టాడని చెబితే అక్కడే రేవులో గంతులేశాడట.

మంగళవారం. చిన్న అలలు.

ఇవాళ పరీక్షకి వచ్చినవాడి పేరు క్రమం. సర్దడంలో వాడిని మించినవాడు లేడని కంపెనీవాళ్ళు చెప్పారు. ఊరి బొమ్మలన్నీ వాడి ముందు పోసి, భోజనం చేసి వచ్చేసరికి సర్దేశాడు. సగం చెత్తబుట్టలో ఉన్నాయి.

“ఏంట్రా ఇది?” అన్నాను.

“కళ్ళు మూసుకున్నవీ, నవ్వనివీ పనికిరానివిగా గుర్తించి తొలగించాను,” అన్నాడు.

పూజలో కూర్చున్నవాళ్ళంతా చెత్తలో. నిద్రపోతున్న పసిపిల్లలంతా చెత్తలో. కెమెరా ముందు నవ్వితే పరువు పోతుందని బిగుసుకుని నిలబడ్డ మా తాతల తరం మొత్తం చెత్తలో. మిగిలిందల్లా నవ్వేవాళ్ళు. మా ఊరు ఇంత సంతోషంగా ఉందని నాకు ఇవాళే తెలిసింది.

వాడిని పంపించేసి బుట్టలోంచి బొమ్మలు ఏరుకోవడంతో సాయంత్రమైపోయింది. అభిప్రాయం: వద్దు.

బుధవారం. ఎండ బాగా కాసింది.

రెండోవాడు సుందరం. వీడి వెంట తెరలో ఒక అమ్మకందారు కూడా వచ్చాడు, నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు మాట్లాడాడు. ఊరంతా నా కొట్లో చేరింది, భాండాగారాన్ని ఇక్కడ బొమ్మల కొట్టనే అంటారు. మొదట సత్యవేణమ్మగారి బొమ్మ వండించాం. ఆవిడ తెర చూసి, “ఎవరే ఈవిడ, మీ బంధువులా?” అని అడిగింది.

“మీరేనండీ పిన్నిగారూ.”

“నేనా! అమ్మో అమ్మో! అయితే మా వాళ్ళందరికీ తలా ఒకటి పంపించెయ్యవే, తల్లీ!”

ఇక చూడాలి. ముడతలు లేవు, మచ్చలు లేవు, నలుపనేది భూమ్మీద పుట్టనే లేదు. అమ్మకందారు ఉబ్బితబ్బిబ్బవుతూ అసలు విశేషం విప్పాడు. “తెలుగువాళ్ళ కోసం ప్రత్యేకంగా పసుపు సవరణ పెట్టామండీ. మీరు పెళ్ళిళ్ళకీ స్నానాలకీ ఒంటికి పసుపు రాసుకుంటారు కదా, ఫోటోలో అదంతా మరకలాగా పడుతుంది. మావాడు ఎక్కడ పసుపు కనిపించినా కడిగేస్తాడు.”

ప్రెసిడెంటు గోవర్ధనరావుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మొన్ననే ఆయన కూతురి పెళ్ళయింది, ఆల్బమ్ ఇంకా వండించలేదు. “ఈడే మనకి కావాల్సినోడు. మాణిక్యంగారూ, ఈ వారం ఊరి ముద్ర ఈడికే ఇచ్చెయ్యండి. ముందు మా అమ్మాయి పెళ్ళి కానిమ్మనండి.” ఆయన మాటకి తిరుగులేదు, ముద్ర ఇచ్చేశాను.

మూడోవాడి పేరు ఉన్నదున్నట్టు. వాడిని ఎవరూ చూడలేదు. అమ్మకందారు లేడు, తీపి గొంతు లేదు. బొమ్మ పెడితే పని మొదలెట్టకుండా ప్రశ్నలు అడుగుతాడు. “ఇందులో నిజంగా తెల్లగా ఉన్న వస్తువేదో చూపించండి” అంటాడు. చూపిస్తే దాన్నిబట్టి మిగతా రంగులు సరిచేస్తాడు, అంతే. జనానికి విసుగొచ్చి వెళ్ళిపోయారు. నేను వాడిని కొట్లోని పాత యంత్రంలో ఉంచాను.

మధ్యాహ్నం ఉత్పల పిల్లాణ్ణి తెచ్చింది. మొదటి ఫోటో మేనత్తే తియ్యాలట. ఎండలో, తెల్ల తువ్వాలు మీద పడుకోబెట్టి తీశాను. ముందు సుందరం చేత వండించాం. గులాబీ రంగులో, సబ్బు ప్రకటనలో పిల్లాడిలా వచ్చాడు. ఉత్పల మురిసిపోయింది. నేనేదో అలవాటు కొద్దీ అదే పచ్చి బొమ్మని పాత యంత్రంలో పెట్టి, తెల్లది ఏదంటే తువ్వాలు చూపించాను.

తువ్వాలు తెల్లగా వచ్చింది. పిల్లాడు అరికాళ్ళదాకా పచ్చగా వచ్చాడు.

“పొద్దున సున్నిపిండిలో పసుపు కలిపి నలుగు పెట్టేరత్తా, అదే అయ్యుంటుంది,” అంది ఉత్పల. దాని గొంతు తేలిగ్గానే ఉంది. బ్యాటరీలు ఆదా అని మా ఊరి దీపాలన్నీ పసుప్పచ్చవే పెట్టారు, ఇంట్లో అందరం ఒకే రంగులో ఉంటాం. నేను తడిగుడ్డతో వాడి పొట్ట తుడిచి, వేలితో నొక్కి వదిలాను. పచ్చగానే ఉంది. గుడ్డకేమీ అంటలేదు.

గురువారం. గాలి పెరిగింది. పడవలు లేవు.

పిల్లాడు పాలు సరిగ్గా తాగడం లేదు. తాగబోయి నిద్రపోతున్నాడు. కళ్ళు తెరిపిస్తే తెల్లగుడ్డు తెల్లగా లేదు. పుట్టిన పిల్లలకి కామెర్లు కాస్త రావడం మామూలే, వాటంతటవే పోతాయి. పోకుండా ముదిరితే తలకెక్కుతాయి. తలకెక్కితే పిల్లాడు బతికినా మనకి దక్కినట్టు కాదు. ఈ మాట ఉత్పలకి చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరి ఆస్పత్రి గదిలో నీలిదీపం పెట్టె ఉంది. కామెర్ల పిల్లల్ని అందులో పడుకోబెడితే ఆ వెలుతురుకే తగ్గిపోతుంది. పెట్టెకి తాళం. డాక్టరుగారు తీరం నుంచి అనుమతిస్తేనే తెరుచుకుంటుంది, ఎవరు పడితే వాళ్ళు వాడి పాడుచేస్తారని అలా పెట్టారు.

డాక్టరు విఠల్‌గారికి ఫోటో పంపాను. ఊరి ముద్ర సుందరం దగ్గరుంది కాబట్టి సుందరం వండిన ఫోటోనే పోయింది. ఆయన చూసి నవ్వారు.

“బంగారంలా ఉన్నాడండీ బాబు.”

“బంగారంలానే ఉన్నాడండీ, నా భయమూ అదే. మా వంటవాడు పసుపు కడిగేస్తున్నాడు. నా దగ్గర పచ్చి బొమ్మ ఉంది, అది చూడండి.”

“మా యంత్రం తీసుకోదమ్మా. తీసుకున్నా అందులో నాకేం తెలుస్తుంది? సుందరాన్ని తీరమంతా వాడుతోంది, మాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. బహుశా మీ పాత యంత్రంలోనే లోపం ఉండి ఉంటుంది. బాబుని కాస్త ఎండలో ఉంచండి.”

మంచాయన, కోపం కూడా రాలేదు ఆయనమీద. అదే నన్ను ఇంకా మండించింది. ఇలా నవ్వుతూ కాదనేవాళ్ళతో ఎలా పోట్లాడాలో నాకు చేతకాదు.

ప్రెసిడెంటుగారి ఇంటికి వెళ్ళాను. ఊరి ముద్ర ఒక్క పూట ఉన్నదున్నట్టుకి మార్చమన్నాను.

“మారిస్తే మా అమ్మాయి ఆల్బమ్ ఏవవుద్దండీ?”

నిజం చెప్పాను. ఒక వంటవాడి చేతివాటం ఇంకొకడికి అర్థం కాదు. ముద్ర మారిందంటే సుందరం చేసిన వంటంతా పోయి బొమ్మలు మళ్ళీ పచ్చివైపోతాయి, మొదట్నించీ వండుకోవాలి.

“అబ్బెబ్బే, కుదరదండీ. ఆదివారం వియ్యాలోరికి ఆల్బమ్ పంపాలి. అయినా డాక్టరే బాగున్నాడంటే మనం కాదంటావేంటండీ? చంటిపిల్లలన్నాక కాస్త పచ్చగానే ఉంటారు. మీరు మరీ కంగారు మనిషి, మాణిక్యంగారూ.”

ఆయన భార్య కాఫీ ఇచ్చింది. తాగలేదు. తాగకుండా వచ్చేసినందుకు వీధిలో నాలుగిళ్ళవాళ్ళు నాకు పొగరన్నారట. ఉంది మరి.

శుక్రవారం. అలలు ఎత్తుగా ఉన్నాయి.

పొద్దున ఉత్పల పరిగెత్తుకుంటూ వచ్చింది. పిల్లాడు లేపినా లేవడం లేదు, రొమ్ము నోట్లో పెడితే చప్పరించడం లేదు. “అత్తా, ఏదో ఒకటి చెయ్యవే, నీకు దణ్ణం పెడతాను,” అంటూ నా చెయ్యి పట్టుకుని కూలబడిపోయింది.

ప్రెసిడెంటుగారికి పసిబిడ్డ గురించి చెప్పి లాభం లేదని నిన్ననే అర్థమైంది. ఆయనకి దేని గురించి చెబితే లాభమో ఆలోచించాను. అప్పుడు సుందరం వండిన పెళ్ళి ఆల్బమ్ తెరిచాను. రెండ్రోజులుగా ఊరంతా దాన్ని చూస్తోంది, అందరూ మొహాలే చూస్తున్నారు. నేను మొహాలు వదిలేసి కిందకి చూశాను. చూసిందాన్ని తెరనిండా పెద్దది చేసి, ప్రెసిడెంటుగారిని కొట్టుకి పిలిపించాను.

“ఏంటండీ ఇది? మా అమ్మాయి మెళ్ళో తెల్లగా ఏదో దారం ఉందేంటీ?”

“పసుపుతాడండీ.”

“పసుపుతాడు తెల్లగా ఉండటవేంటండీ!”

“మీ సుందరం పసుపు ఎక్కడ కనిపించినా కడిగేస్తాడని అమ్మకందారు చెప్పాడు కదండీ. అక్షింతలు కూడా చూడండి, ఉట్టి బియ్యం అయిపోయాయి. అదిగో, అల్లుడుగారు మీ అమ్మాయికి తెల్లదారం కడుతున్నారు.”

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. “శివశివా! తీసెయ్యండి! ఆణ్ణి ఇప్పుడే తీసి అవతల పారెయ్యండి! మా వియ్యపురాలు చూసిందంటే ఇంకేవన్నా ఉందా!”

“ముద్ర ఉన్నదున్నట్టుకి ఇచ్చెయ్యమంటారా?”

“ఎవడికో ఒకడికి ఇచ్చెయ్యండి తల్లీ, తాడు పచ్చగా ఉంటే చాలు!”

ఇంకెప్పుడైనా అయితే పడీపడీ నవ్వేదాన్ని. ఇవాళ నవ్వు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. నిన్న కాఫీ గ్లాసు పట్టుకుని ఈయన ఇంట్లో నేను చెప్పిందీ రంగు గురించే. దారం పచ్చగా లేదంటే ఊరు తల్లకిందులవుతుంది, పిల్లాడు పచ్చగా ఉన్నాడంటే నేను కంగారు మనిషిని. ఆ మాట ఆయన మొహంమీద అనేసే తీరిక లేక ఇక్కడ రాస్తున్నాను. తీరంవాళ్ళు చదివి ఆయనకి చెప్పినా నాకేం బాధలేదు.

ముద్ర మార్చి, పిల్లాడి ఫోటో ఉన్నదున్నట్టు చేత వండించి పంపి, వాణ్ణెత్తుకుని ఉత్పలతో ఆస్పత్రి గదికి పరిగెత్తాను. డాక్టరుగారి దగ్గర్నించి ఈసారి బొమ్మ రాలేదు, గొంతు మాత్రమే వచ్చింది.

“ఇది అదే బాబా, అమ్మా?”

“అదే బాబండీ. అదే ఫోటో. వంటవాడే వేరు.”

నా ఎదురుగా పెట్టె తాళం టక్కుమని తెరుచుకుంది. ఆ చప్పుడు వినగానే పిల్లాడి బట్టలు విప్పి లోపల పడుకోబెట్టాను.

ఆదివారం. గాలి తగ్గింది. నిన్న పెట్టె పక్కనే కూర్చుని, రాయడం మానేశాను.

పిల్లాడు ఏడుస్తున్నాడు! కళ్ళకి గంతలు కట్టుకుని, నీలి వెలుతురులో ఒంటిమీద నూలుపోగు లేకుండా, ఊరెగిరిపోయేలా ఏడుస్తున్నాడు. పాలకి ఆలస్యమైతే పెట్టెని తంతున్నాడు. రోజూ ఎండలో తువ్వాలు పరిచి ఫోటో తీసి పంపుతున్నాను. మొదట కాళ్ళు తెల్లబడ్డాయి, ఇవాళ పొట్ట. ఇంత సంతోషం నాకు ఎన్నేళ్ళుగానో లేదు. దారినపోయేవాళ్ళందర్నీ పిలిచి వాడి అరికాళ్ళు చూపిస్తున్నాను.

ఉత్పల మొగుడు తొలి పడవకే వచ్చేశాడు. వచ్చీరాగానే నా కాళ్ళమీద పడబోయాడు. లేవరా, ముందు కాళ్ళు కడుక్కో అన్నాను.

పెళ్ళి ఆల్బమ్ వియ్యాలవారికి వెళ్ళింది, తాడు పచ్చగానే ఉంది. పెళ్ళికూతురు మాత్రం తన రంగులో తాను ఉందని వాళ్ళమ్మ అలిగింది.

సోమవారం. ఊరు కొంచెం తూర్పుకి జరిగింది.

వంటవాడి ఎంపికకి ఇవాళ సభ. నేను లేచి జరిగిందంతా చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. సత్యవేణమ్మగారు పిల్లాణ్ణి తెప్పించుకుని ముద్దు కూడా పెట్టుకుంది. అంతలో అమ్మకందారు తెరలోకి వచ్చాడు.

“జరిగినదానికి చాలా చింతిస్తున్నామండీ. రాత్రికి రాత్రి సరిచేశాం. ఇకనుంచి తాడూ అక్షింతలూ పచ్చగానే ఉంటాయి. మొహాలు మాత్రమే తెల్లబడతాయి.”

“మరి పసిపిల్లల సంగతో?” అని అడిగాను.

“అది వచ్చే వెర్షన్‌లో చూస్తామండీ.”

చేతులెత్తమన్నారు. సుందరానికే ఎత్తారు, దాదాపు ఊరంతా. కళ్ళు తుడుచుకున్న చేతులే. చుట్టూ చూస్తే ఉత్పల చెయ్యి కూడా పైకుంది.

“నువ్వు కూడానా, ఏమే!”

“బాబువి నీ దగ్గరే వండించుకుంటాను అత్తా, ఒట్టు. నావి మాత్రం... బాలింతని, మొహం ఎలా పీక్కుపోయిందో చూడు.”

దాన్ని ఏమనను? నిద్రలేక కళ్ళకింద నల్లగా ఉంది, అన్ని రోజులు ఏడ్చింది. పోట్లాడి ఒక్క షరతు మాత్రం పెట్టించాను. ఏడాది నిండని పిల్లల ఫోటోలకి ముద్ర నా కొట్లో ఉన్నదున్నట్టు దగ్గరే ఉంటుంది. ప్రెసిడెంటుగారు వెంటనే ఒప్పుకుని, “అంతే కదండీ, పిల్లల దగ్గర మనం పట్టుదలకి పోకూడదు” అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వినాల్సి వచ్చింది.

మంగళవారం. ఎండ.

ఇదే ఆఖరి అభిప్రాయం కావాలి, వంటవాడు కుదిరిపోయాడు కాబట్టి. కానీ ఇంకొకటి జరిగింది.

పిల్లాణ్ణి ఆఖరిసారి చూడడానికి డాక్టరు విఠల్‌గారు కొట్లోని పాత యంత్రానికే పిలుపు చేశారు. పిలుపులు తీరం నుంచి పచ్చిగా వస్తాయి, వండుకోవడం మన భారం. ఇన్నేళ్ళూ ఆయన్ని పాత వంటవాడి వంటలోనో, సుందరం వంటలోనో చూశాను. నున్నగా, గుండ్రంగా, పెళ్ళికొడుకులా ఉండేవారు. ఇవాళ ఉన్నదున్నట్టు మామూలుగా అడిగాడు, తెల్లగా ఉన్నదేదో చూపించమని. ఆయన తెల్లకోటు చూపించాను.

పిల్లాడి గురించి ఆయన ఏం చెప్పారో నాకు సగం వినపడలేదు. బాగున్నాడన్నారు, పెట్టెతో ఇక పనిలేదన్నారు. నేను ఆయన కళ్ళే చూస్తున్నాను.

“డాక్టరుగారూ, మీకు ఈమధ్య ఆకలి వేస్తోందా అండీ?”

“అదేంటమ్మా, ప్రశ్నలు నేను కదా అడగాలి!” నవ్వారు. “పని ఎక్కువై కాస్త తిండి తగ్గిన మాట నిజమే. ఎందుకూ?”

“మీ కళ్ళు పచ్చగా ఉన్నాయండీ. మొహం కూడా.”

“మీ పాత యంత్రంలో లోపం,” అని మొదలెట్టి, సగంలో ఆగిపోయారు. పక్కకి తిరిగి చూసుకున్నారు. “ఇక్కడ నా అద్దంలో బాగానే ఉన్నాను కదా.”

“ఆ అద్దం గాజుదా, తెరా?”

ఆయన వేలితో అద్దాన్ని తట్టి చూశారు. తీరంలో ఉట్టి గాజు అద్దాలు ఎవరి ఇళ్ళలోనూ లేవని విన్నాను. అన్నీ తెరలేనట, పొద్దున లేవగానే చూసుకునే మొహం కూడా వండే ఇస్తాయట.

“మీ దగ్గర ఇంకెవరూ లేరా, మనిషి? చూసి చెప్పడానికి?”

“రోగుల్ని తెరలోనే చూస్తానమ్మా. ఇల్లూ ఆఫీసూ ఒకటే. ఒక్కణ్ణే.” తర్వాత మెల్లిగా అడిగారు. “ఎంత పచ్చగా ఉన్నాయి?”

కిటికీ దగ్గరికి వెళ్ళి, కోటు చెయ్యి చెంపకి ఆనించి, కింది రెప్ప లాగి పట్టుకోమన్నాను. చెప్పినట్టే చేశారు. ఫోటో తీశాను. తీరంలో ఇంకో డాక్టరుకి పంపబోతే యంత్రం ఒప్పుకోలేదు, ఈ వంటవాడి ముద్ర ఏడాది నిండని పిల్లలకేనట. ఊరి ముద్రతో పంపుదామంటే సుందరం ఆయన్ని మళ్ళీ పెళ్ళికొడుకుని చేసి పంపుతాడు.

అందుకని నాకు కనిపిస్తున్నదంతా నోటితో చెప్పడం మొదలెట్టాను, ఏ మూల ఎంత పచ్చగా ఉందో, మెడదాకా ఎలా దిగిందో. ఇంకో డాక్టరుకి చూపించడానికి ఆయన రాసుకుంటున్నారు. మధ్యలో ఒకసారి కలం ఆపి, “కొంచెం నెమ్మదిగా చెప్పండమ్మా,” అన్నారు.